ఇంటి ఆవుకు పొదుగువాపు: చికిత్స, నివారణపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి దగ్గర ఒకటో రెండో జెర్సీ సంకర ఆవులను కట్టుకుని, ఇంటివారు వాడుకోగా మిగిలిన పాలను ఊరి పాలకేంద్రంలో పోసే కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఈ సమాధానాలు రాశాను. గేదెలున్నవారికీ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. యాంటీబయాటిక్ మందుల మోతాదులను మాత్రం కావాలనే ఇవ్వలేదు. ఆవు బరువు, చూడి, జ్వరం, వ్యాధి తీవ్రత చూసి వాటిని నిర్ణయించవలసినది పశువైద్యుడే.

పొదుగువాపు అసలు ఎలా వస్తుంది?

పాలు తయారయ్యే కణజాలంలోకి సూక్ష్మక్రిములు చేరినప్పుడు వాటిని ఎదుర్కొనే క్రమంలో ఆ భాగం వాచి, పాల గుణం మారిపోతుంది. క్రిములు లోపలికి వెళ్లే దారి దాదాపు ఎప్పుడూ ఒక్కటే: చనుకట్టు చివరనున్న సన్నని రంధ్రం. ఆ రంధ్రం చుట్టూ ఉండే కండరం బిగిసి ఉన్నంతసేపు, లోపలి గోడకు అంటుకున్న మైనం వంటి పొర చెక్కుచెదరనంతసేపు క్రిములకు ప్రవేశం కష్టం. పాలు పితికిన తరువాత మాత్రం ఆ కండరం వదులై, మళ్లీ పూర్తిగా బిగుసుకోవడానికి అరగంట మొదలుకొని గంట, ఒక్కొక్కప్పుడు అంతకుమించి పడుతుంది. ఆ వ్యవధిలో ఆవు పేడలోనో బురదలోనో పడుకుంటే తలుపు తెరిచిపెట్టినట్లే. ఈ వ్యాధి గురించి ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే, ఇదే గుర్తుంచుకోవాలి. కింద రాసిన నివారణ పద్ధతుల్లో చాలావరకు దీని నుంచి పుట్టినవే.

క్రిములు స్థూలంగా రెండు రకాలు. స్టెఫైలోకోకస్ ఆరియస్, స్ట్రెప్టోకోకస్ అగలాక్టియే వంటివి జబ్బుపడిన పొదుగులోనే కాపురముండి, పితికేవారి చేతుల ద్వారా, పొదుగు తుడిచే గుడ్డ ద్వారా, ఒక చన్ను నుంచి మరో చన్నుకు మారిన దూడ నోటి ద్వారా వ్యాపిస్తాయి. ఈ.కోలై, క్లెబ్సియెల్లా వంటివి పేడలో, తడిసిన గడ్డిలో, రంపపు పొట్టులో పెరుగుతాయి. మొదటి రకానికి పితికేటప్పటి శుభ్రత మందు, రెండో రకానికి కొట్టం పొడిగా ఉండటం మందు. పొదుగులోని నాలుగు భాగాలకు లోపల ఒకదానితో ఒకటి దారి లేదు కనుక, ఒక చన్ను పాడైనప్పుడు తక్కిన మూడింటిని కాపాడుకునే అవకాశం తప్పకుండా ఉంటుంది.

తొలి లక్షణాలను ఎలా పసిగట్టాలి?

ఆవు మనకంటే ముందే చెబుతుంది. నిన్నటిదాకా కదలకుండా నిలబడిన ఆవు ఒక చన్ను దగ్గర చెయ్యి పెట్టగానే కాలు విసరడం, దూడను మూడు చన్నులకు రానిచ్చి నాలుగోదాని దగ్గర తన్నడం, నడిచేటప్పుడు వెనుక కాలు ఎడంగా వేయడం మొదటి గుర్తులు. తరువాత ఆ భాగం వేడిగా, ఎర్రగా, గట్టిగా తగులుతుంది. పాలలో తెల్లని పలుకులు, చీము, నెత్తురు చారలు కనిపిస్తాయి, లేదా పాలు పలచబడి నీళ్లలా వస్తాయి.

ఇంతదాకా రానివ్వకుండా పట్టుకోవాలంటే ప్రతి పూటా మొదటి మూడు నాలుగు ధారలను నల్లని అడుగున్న గిన్నెలోకో, నల్లగుడ్డ బిగించిన గ్లాసు మీదికో పితికి చూడాలి. నల్లని అడుగు మీద ఆవగింజంత తెల్లని పలుకు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అదే పలుకు పాలబిందెలో పడితే నురుగులో కలిసిపోయి ఎవరికీ తెలియదు. ఆ ధారలను నేల మీద మాత్రం పితకకూడదు, ఎందుకంటే ఆవు పడుకునే చోటే క్రిములను చల్లినట్లవుతుంది. అరచేతిలో పితికి చూసుకునే అలవాటు అంతకన్నా ప్రమాదం, ఆ చేత్తోనే మిగతా చన్నులనూ ముట్టుకుంటాము.

పాలు చూడటానికి బాగానే ఉన్నాయి, కానీ తగ్గాయి, కొంచెం ఉప్పగా ఉన్నాయి. ఇదీ పొదుగువాపేనా?

చాలావరకు అదే. దీనిని బయటపడని పొదుగువాపు అంటారు; వాపు ఉండదు, నొప్పి ఉండదు, పాలు తెల్లగానే ఉంటాయి. పాలల్లోని సహజమైన చక్కెర తగ్గి, రక్తం నుంచి సోడియం, క్లోరైడ్ లవణాలు పాలలోకి దిగడం వల్ల ఆ ఉప్పదనం వస్తుంది. నీళ్లు కలపకపోయినా పాలకేంద్రంలో ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం) పడిపోయి ధర తగ్గుతుంటే, కేంద్రం వారితో తగవుపడే ముందు ఒకసారి నాలుగు చన్నుల పాలనూ విడివిడిగా పరీక్షించుకోవడం మంచిది. నా అంచనాలో రైతు ఇంటికి నష్టం తెచ్చేది కళ్లకు కనిపించే వాపుకన్నా ఈ కనిపించని రకమే. వాపు వచ్చిన ఆవుకు ఆ రోజే వైద్యం చేయిస్తారు, ఈ ఆవుకు మాత్రం నెలల తరబడి దాణా పెంచి చూస్తుంటారు.

పరీక్షలు మూడు రకాలుగా చేసుకోవచ్చు. పశువైద్యశాలలో చేసేది కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్, అంటే సీఎంటీ. నాలుగు గుంటలున్న పళ్లెంలో ఒక్కొక్క చన్ను పాలను తీసుకుని, అంతే కొలత ద్రావణం కలిపి తిప్పితే, జబ్బున్న చన్ను పాలు జిగురుగా చిక్కబడతాయి. ఇంట్లోనైతే అర లీటరు నీటిలో సుమారు 15 గ్రాముల బట్టలుతికే సబ్బుపొడిని పూర్తిగా కరిగించి, ఆ ద్రావణాన్ని చన్నుకొక గ్లాసు చొప్పున తీసుకున్న పాలలో సమానంగా కలిపి అర నిమిషం పాటు మెల్లగా తిప్పవచ్చు. పాలు మామూలుగా జారితే ఇబ్బంది లేదు, కోడిగుడ్డు తెల్లసొనలా సాగితే అనుమానించాలి. మూడోది రంగు కాగితం: ఆరోగ్యకరమైన పాలు కొద్దిగా ఆమ్లగుణంతో, సుమారు 6.6 పీహెచ్ దగ్గర ఉంటాయి, జబ్బుపడిన పాలు 7 వైపు జరుగుతాయి, అప్పుడు పసుపుపచ్చని కాగితం ఆకుపచ్చగా మారుతుంది. ఈనిన మొదటి వారంలో జున్నుపాలు ఉన్నప్పుడు, వట్టిపోయే ముందు పాలు బాగా తగ్గినప్పుడు ఈ పరీక్షలు ఆరోగ్యకరమైన ఆవులోనూ జబ్బున్నట్లు చూపుతాయి కనుక ఆ రోజుల్లో వీటిని నమ్మకూడదు. నెలకొకసారి చేసుకుంటే చాలు.

ఇంకా ఈనలేదు, పొదుగు మాత్రం విపరీతంగా ఉబ్బింది. భయపడాలా?

తొలిచూలు పడ్డలలో, అధిక పాలిచ్చే ఆవులలో ఈనడానికి కొద్ది రోజుల ముందు పొదుగుకు నీరు దిగడం సహజం. నాలుగు భాగాలూ సమానంగా ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండి, ఆవు మామూలుగా మేస్తూ ఉంటే అది నీరే. ఈనిన తరువాత కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఒక భాగమే ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉండి, ఆవు తన్నుతూ ఉంటే అది పొదుగువాపు. ఈనిన మొదటి రోజుల్లో నాలుగు చన్నులలోనూ పాలు లేత గులాబి రంగులో రావడం కూడా చాలాసార్లు సన్నని రక్తనాళాలు చిట్లడం వల్లనే గాని క్రిముల వల్ల కాదు; అయినా నాలుగైదు రోజులకు మించి కొనసాగితే చూపించాలి.

డాక్టరు వచ్చేలోపు ఇంట్లో ఏమి చేయాలి?

మొదటిది, ఆ చన్నులో పాలు నిలవనివ్వకూడదు. మూడు నాలుగు గంటలకొకసారి పూర్తిగా పితికి, ఆ పాలను బ్లీచింగ్ పొడి కలిపి కొట్టానికి దూరంగా గోతిలో పారబోయాలి. రెండవది, కొత్తగా వచ్చిన వేడి వాపుకు చల్లదనం కావాలి. ఐసుముక్కలను గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు అద్దడం, ఐసు దొరకని చోట చల్లని నీటిలో తడిపిన గోనెపట్టా పెట్టడం ఉపశమనమిస్తుంది. తరువాత పొదుగును పొడిగా తుడవాలి. వేడి కాపడం పాతబడి గట్టిపడిన పొదుగుకు గాని, మంట మీదున్న పొదుగుకు పనికిరాదు. మూడవది, దూడను ఆ చన్నుకు రానివ్వకూడదు.

మందు మొదలుపెట్టకముందే పాల నమూనా తీసి ఉంచగలిగితే చాలా మేలు. చనుకట్టు చివరను స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, మొదటి ధారలు వదిలేసి, మూత ఉన్న శుభ్రమైన గాజుసీసాను ఏటవాలుగా పట్టుకుని కొద్దిగా పితికి, మూత బిగించి ఐసులో పెట్టాలి. ఏ క్రిమి ఉంది, అది ఏ మందుకు లొంగుతుంది అన్నది జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో తేలుతుంది. ఒక్క సూది పడ్డాక తీసిన నమూనా చాలాసార్లు ఏమీ చెప్పదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మరుసటి ఉదయం దాకా ఆగడం ప్రాణాపాయం. జ్వరం ముందు పెరిగి తరువాత పడిపోవడం, చెవులు చల్లబడటం, ఆవు లేవలేకపోవడం, చన్ను నుంచి పాలకు బదులు పసుపుపచ్చని నీరు రావడం, పొదుగు భాగం నీలంగా మారి చల్లబడటం వీటిలో ముఖ్యమైనవి. ఈ.కోలై విషం రక్తంలోకి ఎక్కిన ఆవుకు గంటలే గడువు. రక్తనాళంలోకి సెలైన్, వాపు తగ్గించే మందు, యాంటీబయాటిక్ వెంటనే అవసరమవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు.

చన్నులోకి ఎక్కించే ట్యూబు మందును ఎలా వాడాలి?

మందు మంచిదైనా ఎక్కించే తీరు సరిగా లేక కొత్త క్రిములు లోపలికి వెళ్లిన సందర్భాలు తక్కువేమీ కావు. ముందు ఆ చన్నును చుక్క మిగలకుండా పితకాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, చనుకట్టు చివరను స్పిరిట్ దూదితో, దూది మీద మురికి కనిపించనంతవరకు, ప్రతిసారీ కొత్త దూదితో తుడవాలి. ట్యూబు మూత తీసిన తరువాత దాని ముక్కు చేతికి గాని తోకకు గాని తగలకూడదు. తోకను మరొకరు పట్టుకోవడం మంచిది. ముక్కును రంధ్రంలోకి పూర్తిగా దింపనక్కర లేదు, మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలు. మొత్తం లోపలికి తోస్తే పైన చెప్పిన మైనపు పొర చీరుకుపోతుంది. మందంతా ఎక్కించాక రంధ్రాన్ని రెండు వేళ్లతో మూసి, రెండో చేత్తో చనుకట్టును కిందినుంచి పైకి నిమురుతూ మందును పొదుగులోకి పంపాలి. చివరగా చనుకట్టును అయోడిన్ ద్రావణంలో ముంచాలి. ఒక ట్యూబును రెండు చన్నులకు సగం సగం వాడటం పొదుపు కాదు, రెండింటికీ చాలని మందు వేయడమవుతుంది.

ట్యూబుతో సరిపెట్టాలా, సూదిమందు కూడా కావాలా అన్నది జ్వరాన్ని, వాపును బట్టి ఉంటుంది. నొప్పి మందుల విషయంలో ఒక జాగ్రత్త: డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం మన దేశంలో 2006 నుంచి నిషిద్ధం, ఎందుకంటే ఆ మందు వాడిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందులు చచ్చిపోతాయి. మెలాక్సికామ్‌తో ఆ ప్రమాదం లేదు.

రెండు రోజులకే పాలు తెల్లబడ్డాయి. మిగిలిన మందు ఆపివేయవచ్చా?

ఆపకూడదు. పాలు బాగుపడటం వేరు, క్రిమి చావడం వేరు. స్టెఫైలోకోకస్ ఆరియస్ పొదుగు కణజాలంలో చిన్న గడ్డలు కట్టుకుని, కణాల లోపల కూడా దాక్కుంటుంది. మందు పడుతున్నన్ని రోజులు నక్కి, మానగానే తిరిగి లేస్తుంది, రెండోసారి లేచినప్పుడు అదే మందుకు లొంగకపోవచ్చు. డాక్టరు రాసినన్ని రోజులూ వాడి, ముగిసిన రెండు మూడు వారాల తరువాత సీఎంటీ పరీక్ష చేయిస్తే నిజంగా తగ్గిందో లేదో తెలుస్తుంది. ఒకే చన్నుకు ఒకే ఈతలో మూడోసారి వాపు వచ్చిందంటే మందు మార్చి మార్చి వేయడం మానేసి, నమూనా పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని బట్టి నడుచుకోవాలి. మందుల దుకాణంలో లక్షణాలు చెప్పి ట్యూబులు కొనుక్కోవడం ఇలాంటి ఆవుల సంఖ్యను పెంచుతోంది.

కలబంద, పసుపు, సున్నం పూత పనిచేస్తుందా?

జాతీయ పాడి అభివృద్ధి సంస్థ, అంటే ఎన్‌డీడీబీ, ప్రచారం చేస్తున్న సంప్రదాయ వైద్య విధానాల్లో ఇది బాగా వాడుకలోకి వచ్చినది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలంలో వాడే సున్నం 15 గ్రాములు కలిపి మెత్తగా రుబ్బితే ఎర్రని ముద్ద తయారవుతుంది. పొదుగును కడిగి, పూర్తిగా పాలు పితికి, పిడికెడు ముద్దలో 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీరు కలిపి పలచగా చేసి పొదుగంతా పూయాలి. రోజుకు ఎనిమిది నుంచి పది సార్ల చొప్పున ఐదు రోజులు చేయాలి, ముద్దను ఏ రోజుకారోజు రుబ్బుకోవాలి. దీనితోపాటు రోజుకు రెండు నిమ్మకాయలను కోసి మూడు రోజులు తినిపించడం ఈ పద్ధతిలో భాగం. పాలలో నెత్తురు వస్తుంటే రెండు గుప్పెళ్ల కరివేపాకును బెల్లంతో నూరి పెట్టమంటారు.

ఆవు మేస్తూ, జ్వరం లేకుండా ఉన్న తొలిదశ వాపులో దీనిని శ్రద్ధగా చేసినవారికి మంచి ఫలితాలే కనిపిస్తున్నాయి. శ్రద్ధగా అన్న మాట ఎందుకంటే ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పూసి పనిచేయలేదంటే అది పూత తప్పు కాదు. జ్వరం ఉన్నా, మేత మానినా, రెండు రోజుల్లో మెరుగు కనిపించకపోయినా పూతను నమ్ముకుని కూర్చోకూడదు. వైద్యంతోపాటు పూయడానికి మాత్రం అడ్డంకి లేదు. పితికే ముందు ఆ పూతను శుభ్రంగా కడిగివేయాలి.

పాము పాలు తాగిందని, దిష్టి తగిలిందని అంటారు. పెద్దలు చెప్పే నాటు పద్ధతులను ఏమి చేయాలి?

జెర్రిపోతు ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుందన్న నమ్మకం మన ఊళ్లలో గట్టిగా ఉంది. పాము నోటికి చప్పరించే నిర్మాణమే లేదు, పైగా దాని పళ్లు తగిలిన ఆవు కదలకుండా నిలబడదు. తెల్లవారేసరికి పాలు లేకపోవడానికి, చన్ను మీద గాటు ఉండటానికి ముళ్లకంప, ఆవు తన గిట్టతో తానే తొక్కుకోవడం, కట్టు విప్పుకున్న దూడ, లోపల మొదలైన పొదుగువాపు వంటి కారణాలు ఉంటాయి. దిష్టి తీయడం వల్ల ఆవుకు హాని లేదు, తీసిన తరువాత మూడు రోజులు ఎదురుచూడటం వల్ల మాత్రం ఉంది.

పుట్టమన్ను పట్టు వేయడం చల్లదనమిస్తుంది గాని, ఆరిన మట్టి చర్మాన్ని పగలదీసి, రంధ్రం దగ్గర మురికిని నిలిపి ఉంచుతుంది కనుక నేను వద్దనే చెబుతాను. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, పాలు రావడం లేదని చనురంధ్రంలో ఈనెపుల్ల, వేపపుల్ల, సైకిలు పుల్ల వంటివి దూర్చడం. మందుతో నయమయ్యే చన్ను ఆ పుల్లతో శాశ్వతంగా పోతుంది.

మందు వాడుతున్నప్పుడు పాలు తాగవచ్చా, అమ్మవచ్చా?

రెండూ కూడదు. ఒక చన్నుకే మందు వేసినా, రక్తం ద్వారా అది తక్కిన చన్నుల పాలలోకీ చేరుతుంది. చివరి మోతాదు పడిన తరువాత ఎన్ని రోజులు పాలు వాడకూడదో మందు పెట్టె మీద ఉంటుంది. అలా ఏమీ లేని మందులకు పాల విషయంలో కనీసం 7 రోజుల గడువు పాటించాలని 2012లో సవరించిన ఔషధ నిబంధనలు చెబుతున్నాయి. కాచినంత మాత్రాన మందు అవశేషాలు పోవు. తోడు వేసిన పాలు మరునాటికి పేరుకోకుండా నీళ్లగా మిగిలిపోవడం చాలా ఇళ్లలో చూసే ఉంటారు. తోడులోని మంచి క్రిములను ఆ అవశేషాలు చంపడం దానికి ఒక కారణం. మందు వేయకపోయినా, జబ్బుపడిన చన్ను పాలను కాచి తాగడం క్షేమం కాదు. స్టెఫైలోకోకస్ విడుదల చేసే విషపదార్థం మరిగించినా నశించదు, వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. ఆ పాలను దూడకు పట్టడం కూడా మానాలి.

పాలు పితికే పద్ధతిలో ఏయే మార్పులు చేసుకోవాలి?

పితికేవారు గోళ్లు కత్తిరించుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని కూర్చోవాలి. పొదుగంతా నీళ్లు కుమ్మరించడం శుభ్రత అనుకుంటారు గాని, పైనుంచి జారిన మురికి నీరంతా చనుకట్ల చివరకు చేరి చుక్కలుగా వేలాడుతుంది, పితికేటప్పుడు ఆ చుక్కలే పాలలోనూ రంధ్రంలోనూ పడతాయి. చనుకట్లను మాత్రం తక్కువ నీటితో, కావాలంటే లేత గులాబి రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటితో కడిగి, పొడి గుడ్డతో తుడవాలి. ఆ గుడ్డ ఆవుకొకటి ఉండాలి, రోజూ ఉడికించి ఎండలో ఆరవేయాలి. ఎన్నో కొట్టాలలో దూలానికి వేలాడే ఆ ఒక్క జిడ్డుగుడ్డే రెండు ఆవులకూ, చేతులకూ, చెంబుకూ వాడటం కనిపిస్తుంది. జబ్బును ఒక ఆవు నుంచి మరో ఆవుకు మోసేది అదే.

దూడ వదిలి చేపిన తరువాత ఐదు నుంచి ఏడు నిమిషాల్లో పితకడం పూర్తి చేయాలి, ఎందుకంటే చేపుకు కారణమైన హార్మోను ప్రభావం అంతకు మించి నిలవదు. దూడ కుడిచిన చనుకట్లను మళ్లీ తుడిచాకే పితకాలి. చనుకట్టును పిడికిలి నిండా పట్టి పైవేలి నుంచి కిందివేలి దాకా వరుసగా నొక్కడం సరైన పద్ధతి. బొటనవేలిని లోపలికి మడిచి దాని కణుపుతో నొక్కి లాగే అలవాటు మన వైపు చాలా ఎక్కువ. అలా పితికిన చనుకట్టును రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తే లోపల తాడులాంటి గట్టితనం తగులుతుంది, అది గాయమై మాని, మళ్లీ గాయమైన కణజాలం. పట్టు కోసం చేతులకు ఉమ్మి గాని, పాల నురుగు గాని రాసుకోకూడదు. రెండు ఆవులుంటే ఆరోగ్యంగా ఉన్నదాన్ని ముందు, జబ్బు ఆవును చివర పితకాలి. ఒకే ఆవులోనూ జబ్బు చన్ను చివరదే కావాలి.

పాలు చేపడానికి ప్రతి పూటా ఆక్సిటోసిన్ సూది వేసే అలవాటుంటే దానిని మాన్పించాలి. ఒకే సూదితో ఆవు తరువాత ఆవుకు వేయడం వేరే జబ్బులకు దారి, సూది లేనిదే చేపని స్థితికి ఆవు చేరుకోవడం మరో చిక్కు.

పితికిన తరువాత చనుకట్లను మందులో ముంచడం అంత ముఖ్యమా? ఖర్చు ఎక్కువ కాదా?

ఇంటి పాడిలో పెట్టే ఏ రూపాయీ ఇంతకన్నా ఎక్కువ తిరిగి ఇవ్వదని నా అభిప్రాయం. మందుల దుకాణంలో దొరికే 5 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణం తొమ్మిది వంతులకు ఒక వంతు గ్లిజరిన్ కలిపితే చాలు. గ్లిజరిన్ లేకపోతే చర్మం పొడిబారి పగుళ్లు వస్తాయి. చిన్న ప్లాస్టిక్ గ్లాసులో పోసి, ఆఖరి ధార అయిన వెంటనే ఒక్కొక్క చనుకట్టును ముప్పాతిక వంతు మునిగేలా ముంచి తీయాలి. గ్లాసులో మిగిలినది పారబోయాలి, సీసాలో తిరిగి పోయకూడదు. ఆ తరువాత దూడను కుడవనిస్తే మందు పోతుంది కనుక, దూడ వాటా ముందే ఇచ్చి, ముంచడాన్ని చివరి పనిగా పెట్టుకోవాలి. ముంచిన వెంటనే గాడిలో పచ్చిమేతో దాణానో వేస్తే ఆవు మేస్తూ కనీసం అరగంట నిలబడుతుంది, ఈలోగా రంధ్రం బిగుసుకుంటుంది. చాలా ఇళ్లలో దాణా ముందు పెట్టి పితుకుతారు. దాణాలో కొంత పితికిన తరువాతకు అట్టిపెడితే సరిపోతుంది.

వానకాలంలోనే ఎందుకు ఎక్కువగా వస్తుంది?

తడి, వెచ్చదనం, ఈగలు మూడూ అప్పుడే కలుస్తాయి. కొట్టం నేల వాలుగా ఉండి మూత్రం నిలవకుండా కాలువలోకి పోవాలి. మట్టినేల అయితే గుంటలు పూడ్చి, పొడి ఇసుక పరచడం ఉత్తమం. ఇసుకలో క్రిములకు తిండి దొరకదు, తడిసిన వరిగడ్డిలో పుష్కలంగా దొరుకుతుంది. పేడ రోజుకు రెండు సార్లైనా తీయాలి, వారానికొకసారి నేల మీద సున్నం చల్లాలి. గాలికుంటు వ్యాధిలో చనుకట్ల మీద పొక్కులు లేచి పొదుగువాపుకు దారితీస్తాయి కనుక, పశుసంవర్ధక శాఖ ఉచితంగా వేసే ఆ టీకాలను తప్పనివ్వకూడదు. పొదుగువాపును కలిగించే క్రిములు అనేకం కావడంతో, వాటన్నిటినీ ఆపే టీకా మాత్రం లేదు.

మేతకూ పొదుగువాపుకూ సంబంధం ఉందా?

ఉంది. జింకు, రాగి, సెలీనియం, విటమిన్ ఇ తక్కువైన ఆవులో క్రిములను తినే తెల్లకణాలు మందగిస్తాయి. రోజుకు 50 గ్రాముల ఖనిజలవణ మిశ్రమం, తగినంత పచ్చిమేత ఇవ్వాలి. ఈనిన వెంటనే కాల్షియం పడిపోయి పాలజ్వరం వచ్చిన ఆవులో చనురంధ్రం కండరం కూడా సడలుతుంది, అది గంటల తరబడి నేల మీదే ఉంటుంది కనుక పొదుగువాపు దాని వెనుకే వస్తుంది.

వట్టిపోయే సమయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఈనడానికి 60 రోజుల ముందు పాలు పితకడం మానివేయాలి. ఆఖరి రోజున పూర్తిగా పితికి, నాలుగు చన్నులలోనూ వట్టిపోయే ఆవుల కోసం ప్రత్యేకంగా చేసిన ట్యూబు మందును ఎక్కించడం మంచి పద్ధతి. పాడి కాలంలో లొంగని మొండి క్రిములు కూడా, పాలతో మందు కొట్టుకుపోని ఈ రోజుల్లో లొంగే అవకాశం ఎక్కువ. పూటకు లీటరు కన్నా తక్కువ ఇస్తున్న ఆవును ఒక్కసారిగా ఆపవచ్చు. ఎక్కువ ఇస్తుంటే వారం ముందు నుంచి దాణా తగ్గించి, ఆపై ఆపాలి. రోజు విడిచి రోజు పితుకుతూ నెలల తరబడి సాగదీయడం మంచిది కాదు. ఆపిన మొదటి రెండు వారాలు, ఈనే ముందరి రెండు వారాలు పొదుగును రోజూ చూడాలి. పాలివ్వని ఆవు కదా అని కొట్టం వెనుక బురదలో కట్టేసిన ఆవులకే ఈనిన రోజున జున్నుపాలకు బదులు చీము వస్తుంది.

ఒక చన్ను పూర్తిగా ఎండిపోయింది. మళ్లీ పాలు వస్తాయా, ఆవును అమ్మేయాలా?

ఈ ఈతలో ఆ చన్నును వదిలేసి మూడింటితో సాగించడమే మేలు. మిగిలిన మూడు భాగాలు లోటును కొంతవరకు పూడుస్తాయి, పూర్తిగా కాదు. లోపలి కణజాలం గట్టి గడ్డగా మారకుండా, కేవలం పాలు ఆగిన చన్ను తరువాతి ఈతలో తిరిగి పనిచేయడం అరుదు కాదు; రాయిలా గట్టిపడి ముడుచుకుపోయినది మాత్రం రాదు. ఆవు చూడి నిలిచి, మూడు చన్నులతో ఇంటికి సరిపడా పాలిస్తుంటే అమ్మవలసిన పని లేదు. నాలుగు భాగాలలోనూ మొండి క్రిమి ఉందని పరీక్షలో తేలి, పక్కన మరో ఆవు కూడా ఉన్నప్పుడు మాత్రం దానిని వేరుగా కట్టి, ఉంచాలా వద్దా అన్నది డాక్టరుతో కలిసి తేల్చుకోవాలి. అమ్మదలిస్తే కొనేవారికి ఆ సంగతి చెప్పి అమ్మాలి. ఉంచుకుంటే, వచ్చే ఈతలో మొదటి రోజు జున్నుపాలను ఆ చన్ను నుంచి నల్లని గిన్నెలో విడిగా పితికి చూడాలి. చిక్కగా, పసుపుపచ్చగా, పలుకులు లేకుండా వస్తే తక్కిన చన్నులతోపాటు దానినీ పితుకుతూ పోవచ్చు. చీమో నీరో వస్తే ఆ రోజే నమూనా తీయించాలి.